అమ్మ ఇంటి తీగ బెంగళూరులో ఎందుకు పూయలేదు?

బెంగళూరు మహదేవపుర వైపు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. విషయం క్లుప్తంగా ఇదీ.

వయసు 38. పుట్టిల్లు తెనాలి. తొమ్మిదేళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నారు. సొంత ఫ్లాటు, మూడో అంతస్తు. మూడేళ్ల క్రితం అమ్మ పోయారు. ఆఖరి పది రోజులూ ఆఫీసులో ఆడిట్ ఉండటంతో ఈమె వెళ్లలేకపోయారు, వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఏడాది తిరక్కుండానే తమ్ముడు అప్పుల కోసం ఇల్లు అమ్మేశాడు. రిజిస్ట్రేషన్‌కు ముందురోజు ఈమె గేటు మీది రాధామనోహరం తీగ నుంచి ఒక కొమ్మ కోసి, తడి తువ్వాలులో చుట్టి, రాత్రి రైల్లో తెచ్చి బాల్కనీలో కుండీలో పెట్టారు. కొమ్మ బతికింది, గ్రిల్లంతా అల్లుకుంది. రెండేళ్లు దాటినా ఒక్క పువ్వూ పూయలేదు.

ఈలోగా గొడవలు మొదలయ్యాయి. పై ఫ్లాటువాళ్లు కొత్తగా కట్టించుకున్న పావురాల వలలోకి తీగ దూరింది. వాళ్లు ఫొటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అప్పటినుంచీ ఈమె ప్రతి నెలా మొదటి ఆదివారం పైకి పాకిన కొసలన్నీ కత్తిరిస్తున్నారు. అత్తగారు “పూయని తీగ ఇంటికి మంచిది కాదు, పైగా వాసనకు పాములొస్తాయి” అంటున్నారు. ఆయనేమో “మొక్కే కదా, వేరేది కొందాం, ఈ టెన్షన్ ఎందుకు” అంటారు. ఇది పుట్టింటి తీగ అని అత్తగారికి తెలీదు. చావు జరిగిన ఇంటి నుంచి మొక్క తెచ్చావా అంటారేమోనని, నర్సరీలో కొన్నానని చెప్పారట.

తమ్ముడితో మాటల్లేవు. అతను వేసిన వాటా డబ్బు బ్యాంకులో అలాగే ఉంది. పోయిన ఉగాదికి “తీగ బతికిందా అక్కా” అని ఒక మెసేజ్ పెట్టాడు. ఈమె జవాబివ్వలేదు.

చివర్లో ఇలా రాశారు: “ఉంచితే రోజూ పోరు. తీసేస్తే అమ్మను నా చేతులతో మళ్లీ పంపేసినట్టు ఉంటుంది. పూయడం లేదంటే అమ్మకి నా మీద కోపం పోలేదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?”

*

అమ్మా, ముందు ఆ చివరి మాట దగ్గరే ఆగుతాను, ఎందుకంటే మిగతా ఉత్తరమంతా దాని మీదే నిలబడి ఉంది.

మీ బాల్కనీ దక్షిణం వైపు అని రాశారు. చలికాలంలో ఎండ హాల్లోకి వస్తుందనీ, వేసవిలో ఇల్లు చల్లగా ఉంటుందనీ ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు. మీ తీగ కథంతా ఆ వాక్యంలోనే ఉంది. ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఒకసారి బెంగళూరులో సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ క్షణాన నీడ పడదు. ఈ రెండు తేదీల మధ్య సూర్యుడు మనకు ఉత్తరంగా నడుస్తాడు. అంటే సరిగ్గా రాధామనోహరం చకచకా పెరిగి పూయాల్సిన నెలల్లో మీ బాల్కనీకి నేరుగా ఎండ రాదు. డిసెంబరు, జనవరిల్లో ఎండ బోలెడు వస్తుంది కానీ అప్పుడు ఈ ఊరి చలికి తీగ ముడుచుకుని ఉంటుంది. దానికి రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. తెనాలిలో గేటు మీద, అడ్డం లేని ఆకాశం కింద దానికి ఈ లెక్కలేవీ ఉండేవి కావు.

రెండో కారణం మీ కత్తెర. రాధామనోహరం గుత్తులు కొత్త కొమ్మల కొసల్లో వస్తాయి. మీరు నెలనెలా తీసేస్తున్నవి ఆ కొసలే. పైవాళ్లకు ఇబ్బంది కాకూడదని, ఇంట్లో మాట రాకూడదని నెలనెలా ఆ ఆదివారం కత్తిరించినవన్నీ రాబోయే పూలే అనుకోండి. తీగ ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి ఆకులు వేసుకుంటూ వస్తోంది. దీనికి తోడు నర్సరీ అతను చెప్పాడని నెలకోసారి యూరియా కూడా వేస్తున్నారు. అది ఆకును బలంగా పెంచుతుంది, పూతను వెనక్కి నెడుతుంది. ఆకులు నల్లటి పచ్చగా, అరచేయంత ఉన్నాయని మురిసిపోతూ రాశారు చూడండి, అదే గుర్తు.

కాబట్టి మీ అమ్మగారి కోపం ఇందులో ఎక్కడా లేదు. దిక్కు, కత్తెర, యూరియా, ఈ మూడే ఉన్నాయి. ఆఖరి రోజుల్లో వెళ్లలేకపోయిన బాధ వేరే ఉంది, అది నిజమైనదే, మొక్క సంగతి చెప్పి దాన్ని తీసేయలేను. కానీ ఆ బాధకు తీర్పు చెప్పే పని ఈ తీగకు అప్పగించారు మీరు. రోజూ పొద్దున్నే లేచి మొగ్గ వచ్చిందా అని చూడటం, రాకపోతే క్షమించలేదని అనుకోవడం... పాపం, ఆరు గంటల ఎండ దొరకని మొక్క మీద అది చాలా పెద్ద బరువు.

ఇక అత్తగారి మాట. ఆవిడ నర్సరీలో కొన్న మొక్కను తిడుతున్నారు. మీకు మాత్రం మీ అమ్మను అన్నట్టు వినిపిస్తోంది. ఆవిడకు తెలిసిన సంగతి వేరు, మీరు పడుతున్న బాధ వేరు. ఈ తేడా ఉన్నంతకాలం ఎన్ని పూలు పూసినా పోరు ఆగదు, ఈసారి పూలు రాలి చెత్త పడుతోందంటారు. నిజం చెబితే ఏమవుతుంది? ఆవిడ మెత్తబడొచ్చు. ఆ వయసు ఆడవాళ్లలో పుట్టింటి మొక్క అంటే గొంతు మారనివాళ్లు తక్కువ, తాము వదిలేసి వచ్చిన పెరడు ఒకటి అందరికీ ఉంటుంది. లేదూ, మీరు భయపడినట్టే “చావు ఇంటి నుంచి తెచ్చి నాతో అబద్ధం చెప్పావా” అనొచ్చు. అప్పుడు గొడవ కొన్నాళ్లు పెరుగుతుంది. చెప్పకపోతే ఇప్పుడున్నట్టే నడుస్తుంది, ఆవిడ అన్న ప్రతి మాటా మీలో రెండింతలై తగులుతుంది. చెప్పాలనుకుంటే ముందు మీవారితో మొదలుపెట్టమంటాను. “మొక్కే కదా” అన్న మనిషికి ఆ తడి తువ్వాలు సంగతి, రిజిస్ట్రేషన్‌కు ముందురోజు గేటు దగ్గర నిలబడ్డ సంగతి మీరు ఎప్పుడైనా పూర్తిగా చెప్పారా? మీ ఉత్తరంలో నాకు చెప్పినంత వివరంగా? అడుగుతున్నానంతే.

పాముల సంగతి ఒక్క మాటలో తేల్చేద్దాం. పాములు పూల వాసనకు రావు, ఎలకల కోసమో కప్పల కోసమో వస్తాయి. మూడో అంతస్తు గ్రిల్లు మీదికి అంత పని పెట్టుకుని ఎక్కవు.

కుండీకి నీళ్లు దండగ అంటున్న అత్తగారి మాటలో మాత్రం కొంత న్యాయముంది. 2024 మార్చిలో నీటి కరువప్పుడు ఈ ఊళ్లో తాగేనీళ్లు తోటలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అన్నారు, అది ఎవరూ మర్చిపోలేదు. మీరు ఆర్ఓ మెషీన్ వదిలే నీళ్లు పోస్తున్నారు. ఆలోచన మంచిదే, కానీ ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఏడాదిపాటు అవే పోస్తే కుండీలో పేరుకుంటుంది. ఆకుల అంచులు కాగితం కాలినట్టు గోధుమరంగుకు తిరుగుతున్నాయన్నారు, దానివల్లే కావచ్చు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పోయండి, ఆర్ఓ నీళ్లు వాడాల్సొస్తే సగానికి సగం మామూలు నీళ్లు కలపండి. గట్టి వాన పడ్డ రోజు కుండీని ఒక పూట వానలో తడవనిస్తే ఉప్పు చాలావరకు కిందికి కొట్టుకుపోతుంది.

అన్నట్టు, ఈ తీగను చూసి “ఇదేం మొక్కమ్మా” అన్నది మీ అత్తగారొక్కరే కాదు. 17వ శతాబ్దంలో ఇప్పటి ఇండోనేషియాలోని అంబన్ దీవిలో ఉంటూ మొక్కల గురించి రాసిన రంఫియస్ దీనికి క్విస్‌క్వాలిస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో “ఎవరు? ఎలాంటిది?” అని. మొదట పొదలా నిలబడి తర్వాత తీగై పాకుతుంది. పువ్వేమో సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగు తిరిగి, మూడోరోజుకు ఎర్రబడుతుంది. ఇప్పుడు శాస్త్రజ్ఞులు దీన్ని కాంబ్రెటం ఇండికం అంటున్నారు. బెంగళూరు నర్సరీల్లో రంగూన్ క్రీపర్ అనో మధుమాలతి అనో అడగాలి. మా చిన్నప్పుడు వాటి పొడుగాటి కాడల్ని దారం లేకుండా జడలా అల్లుకుని తలలో పెట్టుకునేవాళ్లం. సాయంత్రానికి మూడు రంగులూ ఒకే జడలో ఉండేవి. మీరు కూడా అల్లే ఉంటారు.

సరే, ఇప్పుడు ఏం చేయొచ్చో చూద్దాం. వీటిలో దేన్ని ఎంచుకున్నా, దానికి ముందు ఒక పని చేయమని మాత్రం గట్టిగా చెబుతాను. ఆ ఒక్క కుండీయే అమ్మ ఇల్లు అన్నట్టు కాపలా కాస్తున్నారు. దానికేమైనా అయితే ఇక లేదన్న భయంతోనే ఏ నిర్ణయమూ తీసుకోలేకపోతున్నారు. దాన్ని రెండు మూడు చేయండి. జూన్ వానలు ఇంకెంతో దూరం లేవు. కింద ఉన్న ఒక లేత కొమ్మను వంచి, పక్కన మట్టి నింపిన చిన్న కుండీ పెట్టి, ఒక కణుపు మట్టిలోకి పోయేలా తొక్కండి. ఆ కణుపు అడుగున బెరడు కొద్దిగా గీకండి. పైన రాయి పెట్టండి, కొస మాత్రం బయటికి ఉండాలి. దీన్నే నేల అంటు అంటారు. మట్టి ఆరకుండా చూసుకుంటే సుమారు రెండు నెలల్లో వేళ్లు పట్టుకుంటాయి. మెల్లగా లాగి చూస్తే కదలదు, అప్పుడు తల్లి కొమ్మ నుంచి కోసేయండి. ఇలా రెండు మూడు కొమ్మలు తొక్కితే చాలు, ఒకటి పోయినా ఒకటి నిలుస్తుంది. వాటిలో ప్రతిదీ తెనాలి తీగే, అచ్చంగా అదే.

అవి చేతికొచ్చాక దారులు తెరుచుకుంటాయి.

ఉన్నచోటే ఉంచడం ఒక దారి. నెలనెలా కత్తిరించడం మానేసి, ఏడాదికి ఒక్కసారి, జనవరి ఆఖర్లో గట్టిగా కత్తిరించండి. ఫిబ్రవరి నుంచి చలి తగ్గుతుంది, ఏప్రిల్ మూడో వారం దాకా ఎండ ఇంకా మీ వైపే ఉంటుంది. ఆ రెండున్నర నెలలు మీ బాల్కనీలో దానికి దొరికే మంచి సందు. అప్పుడు వచ్చే కొత్త కొమ్మల్ని పైకి వెళ్లనివ్వకుండా రెయిలింగు వెంట అడ్డంగా పురికొసతో కడుతూ పోవాలి. అడ్డంగా కట్టిన కొమ్మకు పక్క చిగుళ్లు ఎక్కువ వస్తాయి, పైవాళ్ల వలా తప్పుతుంది. ఎండ పైకెక్కేకొద్దీ పై శ్లాబు నీడ లోపలికి పడుతుంది కాబట్టి కొమ్మలు రెయిలింగు బయటి అంచు మీదే ఉండాలి, కుండీ మాత్రం లోపలే. యూరియా పూర్తిగా మానేసి, రెండు నెలలకోసారి మాగిన పశువుల ఎరువు రెండు గుప్పెళ్లు వేస్తే చాలు. ఇంత చేసినా విరగబూస్తుందని చెప్పను. నాలుగైదు గుత్తులు వస్తే గొప్ప. వారానికి అరగంట కట్టే పని మాత్రం తప్పదు, ఒక్క నెల బద్ధకిస్తే మళ్లీ వల దాకా పోతుంది.

టెర్రస్ మీదికి చేర్చడం ఇంకో దారి. ఎండకు లోటు లేదు, 18 అంగుళాల కుండీలో కూడా బాగా పూస్తుంది. కానీ టెర్రస్ అందరిదీ. అసోసియేషన్‌ను అడగాలి, కుండీ కింద స్టాండు వేయాలి, లేకపోతే ఎక్కడ చెమ్మ కనిపించినా మీ కుండీ వల్లే అంటారు. వేసవిలో రోజూ బకెట్ మోయాలి. వాసన రాత్రిపూట వస్తుంది కదా, ఆ వేళకు టెర్రస్ తాళం వేసి ఉంటుంది.

కాంపౌండ్ గోడ పక్కన నేలలో పెట్టడం మూడోది. పూత మాటకొస్తే దీన్ని మించింది లేదు. వేళ్లు నేలలో దిగి, ఒకట్రెండేళ్లలో గోడ కనపడకుండా కమ్మేస్తుంది. సాయంత్రాలు పెద్ద పెద్ద రెక్కల పురుగులు తేనెకు వస్తాయి, తెల్లవారాక తేనెటీగలు. సంపుకీ డ్రైనేజీ పైపులకీ దూరంగా పెట్టించండి, చుట్టూ పిలకలు లేస్తాయి, మాలితో తీయిస్తుండాలి. అసలు నష్టం వేరే ఉంది. నేలలో పెట్టిన రోజునుంచి అది మీది కాదు. మాలి తన ఇష్టం వచ్చినప్పుడు కత్తెర పెడతాడు. పిల్లలు పూలు తెంపుతారు. ఎప్పుడో ఒక కమిటీ వచ్చి అక్కడ బైక్ పార్కింగ్ అంటుంది. అమ్మ తీగను పదిమందికి ఇచ్చేయగలరా లేదా అన్నది మీరే చెప్పాలి. గేటు మీద తీగ పెంచిన మనిషి మీ అమ్మగారు, వీధిలో వెళ్లేవాళ్లు కోసుకుంటే ఏమనేవారో కూడా మీకే తెలుసు.

కుండీని తీసేయడం కూడా ఒక దారే, దాన్నేమీ పాపంగా చూడక్కర్లేదు. అంటు కట్టిన మొక్క ఒకటి ఎవరింట్లోనో బతుకుతుంటే, ఈ బాల్కనీలో ఎండ అంతగా అడగని వేరే మొక్క పెట్టుకోవచ్చు. ఇంట్లో పోరు ఆ రోజే ఆగుతుంది. అయితే మీరు ఇష్టపడి తీశారా, పడలేక తీశారా అన్నది ముఖ్యం. పడలేక తీస్తే ఆ ఖాళీ చోటు చూసినప్పుడల్లా ఆయన మీదా అత్తగారి మీదా కోపం వస్తుంది, వాళ్లకు కారణం కూడా తెలీదు. నేనైతే ఒక అంటును నేలకు ఇచ్చి, పాతదాన్ని రెయిలింగుకు కట్టుకుని ఒక జనవరి చూసేదాన్ని. మీ ఇల్లు నా ఇల్లు కాదు కాబట్టి అంతవరకే.

ఆ “ఎవరింట్లోనో” దగ్గర మీ తమ్ముడు గుర్తొచ్చాడు. అతను ఇల్లు అమ్మిన తీరు తప్పో ఒప్పో నేను చెప్పలేను, అతని అప్పులేమిటో మీరూ రాయలేదు. కానీ ఉగాది రోజు అతను డబ్బు గురించి అడగలేదు, మాట్లాడవేంటని అడగలేదు. తీగ బతికిందా అని అడిగాడు. ఆ గేటు దగ్గర మీరు కొమ్మ కోయడం అతను చూశాడన్నమాట. అతని దగ్గర ఆ ఇంటిది ఏం మిగిలి ఉంటుంది? “బతికింది” అని ఒక్క మాట పంపొచ్చు. పంపితే వెనకే ఫోన్ రావచ్చు. ఫోన్ వస్తే ఇల్లు ఎందుకు అమ్మాల్సొచ్చిందో వినాల్సి రావచ్చు, అది వినడానికి మీరు సిద్ధంగా లేకపోవచ్చు. అలాగైతే ఆగండి. అంటు వేళ్లు పట్టడానికి రెండు నెలలు ఎలాగూ పడుతుంది, ఆ మెసేజ్ కూడా అప్పటిదాకా ఆగుతుంది. ఆ తర్వాత కూడా జవాబివ్వకపోతే, మీరు మాట్లాడకపోవడమే జవాబని అతను అనుకుంటాడు, దాని మీద ఇంకో రెండేళ్లు గడిచిపోతాయి.

ఇక మిగిలింది పై ఫ్లాటు. గ్రూపులో ఫొటో పెట్టడం నాకూ నచ్చలేదు, తలుపు తడితే అయిపోయే దానికి. కానీ వల చిరిగితే డబ్బు వాళ్లదే పోతుంది, ఆ చిరాకు అర్థం చేసుకోదగ్గదే. గ్రూపులో జవాబు రాయకండి, అక్కడ రాసింది ముప్పై ఇళ్లకు తమాషా. మీరే ఒక ఆదివారం పైకి వెళ్లండి. రాధామనోహరం గోడకు అతుక్కునే రకం కాదని, పెయింట్ ఊడదని చెప్పండి. వలలోంచి తీగను తీసిస్తానని మీరే అనండి.

తీసేటప్పుడు మాత్రం మీ బాల్కనీలోంచి పట్టుకుని లాగొద్దు, వల తెగుతుంది. పాత కొమ్మ మీద బొటనవేలు రాస్తే మొద్దు ముళ్లు తగులుతాయి చూడండి, ఆకు రాలినా తొడిమ అడుగుముక్క రాలకుండా గట్టిపడి అలా ముల్లవుతుంది. తీగ పట్టుకునేది వాటితోనే. అందుకని వాళ్ల బాల్కనీలో నిలబడి, వల గడికీ గడికీ మధ్య చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి ఒక్కొక్కటే బయటికి తీయాలి. గంట పడుతుంది. చేతికి పాత గుడ్డ చుట్టుకోండి, ముక్కలు కింద పడకుండా ఒక సంచీ తీసుకెళ్లండి. ఆ ముక్కల్లో పెన్సిలంత లావున్నవి, మూడు నాలుగు కణుపులున్నవి పక్కన పెట్టుకుంటే వానాకాలంలో అవీ నాటుకోవచ్చు.